గేటు బయట ఫీల్డర్: అందరి పిల్లల ఆటస్థలాల కథ

ఈ ఎపిసోడ్ నిజానికి డెన్మార్క్‌లో మొదలవ్వాలి. కానీ మా కాలనీ పార్కు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే నాకు ఈ టాపిక్ దొరికింది అక్కడే.

మా పార్కుకి ఒక గేటు ఉంది. బైకులు, గేదెలు లోపలికి రాకూడదని ఇనప పైపులతో మెలిక తిప్పి పెట్టారు. మనిషైతే ఒళ్ళు కాస్త పక్కకి తిప్పుకుని దూరాలి. మీ ఊళ్ళో కూడా చూసే ఉంటారు. ఒక ఆదివారం సాయంత్రం ఆ గేటు బయట ఒకావిడ నిలబడి ఉన్నారు, పక్కనే వీల్‌చైర్‌లో వాళ్ళబ్బాయి. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. లోపల పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి కంచె కింద నుంచి బయటికి దొర్లుకుంటూ వచ్చింది. ఆవిడ తీసి వాడి చేతిలో పెట్టారు, వాడు లోపలికి విసిరాడు. కాసేపటికి మళ్ళీ ఇంకోసారి. మూడోసారికి లోపలున్న పిల్లలే వాడి వైపు తిరిగి "బాల్, బాల్" అని అరిచారు. అంటే వాడు అప్పటికే టీమ్‌లో ఉన్నాడు. గేటు బయట ఫీల్డర్ అన్నమాట.

నేను యూట్యూబ్‌కి రాకముందు కోడ్ రాసేవాణ్ణి. మా దగ్గర ఎడ్జ్ కేస్ అని ఒక మాట ఉంది. వందలో ఏ ఒక్కరికో వచ్చే పరిస్థితి అది, మెయిన్ డిజైన్ అయిపోయాక చివర్లో చూసుకుందాంలే అని పక్కన పెడతాం. ఆ చివర ఎప్పుడూ రాదు. వైకల్యం ఉన్న పిల్లల విషయంలో ఆటస్థలాలు కట్టినవాళ్ళు కూడా చాలాకాలం ఇదే చేశారు. ఎంతకాలం చేశారు, ఎవరు మార్చారు, మార్చినప్పుడు ఏం దొరికింది, ఏం జారిపోయింది, ఇదీ ఈరోజు కథ.

ముందు ఒక ప్రశ్న. పిల్లలు ఆడుకోవడానికి ఊరు ప్రత్యేకంగా ఒక జాగా కేటాయించాలి అన్న ఆలోచన ఎప్పటిది? పెద్ద పాతది కాదండీ. అమెరికాలో దీని కథ మామూలుగా 1880ల మధ్యలో బోస్టన్‌లో మొదలవుతుంది. అక్కడ పేదల వాడల్లో పిల్లల కోసం ఇసుక కుప్పలు పోయించారు. బెర్లిన్‌లో చూసొచ్చిన ఐడియా. వాటిని శాండ్ గార్డెన్స్ అనేవాళ్ళు. 1903లో న్యూయార్క్‌లో సీవార్డ్ పార్కులో మునిసిపాలిటీయే శాశ్వతంగా ఒక ప్లేగ్రౌండ్ కట్టింది. 1906కల్లా ప్లేగ్రౌండ్ల కోసమే ఒక జాతీయ సంఘం వచ్చేసింది. ఫ్యాక్టరీలు, ఇరుకిళ్ళు, గుర్రపుబళ్ళ మధ్య వీధుల్లో నలిగిపోతున్న పిల్లల్ని కాపాడాలి అన్నది వాళ్ళ తపన. మంచి తపనే.

కానీ సరిగ్గా అదే కాలంలో, అదే దేశంలో, ఇంకో రకం చట్టాలు కూడా ఉన్నాయి. 1867లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, 1881లో షికాగోలో మునిసిపల్ ఆర్డినెన్సులు తెచ్చారు. రోగంతోనో, అంగవైకల్యంతోనో చూడ్డానికి ఇబ్బందిగా ఉండేవాళ్ళు వీధుల్లో, పబ్లిక్ స్థలాల్లో జనం కంటపడకూడదు అని. తర్వాతివాళ్ళు వీటికి అగ్లీ లాస్ అని పేరు పెట్టారు. బిచ్చగాళ్ళని తరమడానికే ఎక్కువ వాడారనుకోండి, అయినా రాతలో ఉన్నది ఇదీ. షికాగో దీన్ని కొట్టేసింది ఎప్పుడో తెలుసా? 1974లో. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన ఐదేళ్ళకి. ఒకవైపు పిల్లలందరూ బయటికొచ్చి ఆడుకోవాలని ఉద్యమం, ఇంకోవైపు కొందరు బయటికే రాకూడదని చట్టం. ఆ "అందరూ"లో ఎవరు లేరో అప్పట్లో అడిగినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు డెన్మార్క్ వెళ్దాం. సి. టి. సోరెన్‌సెన్ అని ఒక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. పార్కులు, ఆటస్థలాలు డిజైన్ చేసేవాడు. ఆయన గమనించింది ఏమిటంటే, తను ముచ్చటపడి కట్టిన ప్లేగ్రౌండ్లలో కంటే, పక్కన ఇల్లు కడుతున్న సైట్లో, ఇటుకలు, చెక్కముక్కలు, బురద మధ్య పిల్లలు ఎక్కువ సంతోషంగా ఆడుతున్నారు. 1931లో పుస్తకంలో రాశాడు, చెత్తాచెదారంతోనే ఒక ఆటస్థలం పెట్టి చూడొచ్చు కదా అని. 1943లో, దేశం జర్మన్ల ఆక్రమణలో ఉండగా, కోపెన్‌హేగన్‌లో ఎండ్రుప్ అనే చోట అది నిజమైంది. జంక్ ప్లేగ్రౌండ్. ఉయ్యాల లేదు, జారుడుబల్ల లేదు. చెక్కలు, మేకులు, పాత సామాన్లు, పారలు. పిల్లలే గుడిసెలు కట్టుకుంటారు, వాళ్ళే పడగొడతారు. ఇంకొకటి కూడా ఉంది, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మనకి అవసరం పడుతుంది: ఒక మనిషి. యోన్ బెర్టెల్‌సెన్ అనే ఆయన అక్కడ మొదటి ప్లే లీడర్. పీటీ మాస్టారులా విజిల్ ఊదే పని కాదు ఆయనది. పిల్లలు అడిగితే సుత్తి పట్టుకోవడం చూపిస్తాడు, లేకపోతే పక్కన ఉంటాడు.

ఈ ఎండ్రుప్‌ని చూసి ఒక బ్రిటిష్ ఆవిడ మనసు పారేసుకున్నారు. లేడీ మార్జరీ అలెన్. ఈవిడా ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టే. అప్పటికే ఆవిడకి పేరుంది. 1944లో అనాథాశ్రమాల్లో పిల్లల్ని ఎలా చూస్తున్నారో టైమ్స్ పత్రికకి ఉత్తరం రాసి పెద్ద దుమారం లేపారు. దాని తర్వాత ప్రభుత్వం విచారణ కమిటీ వేయడం, 1948లో పిల్లల చట్టం రావడం జరిగాయి. యుద్ధం అయ్యాక ఆవిడ నార్వే వెళ్తూ మధ్యలో కోపెన్‌హేగన్‌లో ఆగారు, ఎండ్రుప్ చూశారు. వెనక్కొచ్చి 1946లో పిక్చర్ పోస్ట్ పత్రికలో రాశారు, లండన్‌లో బాంబులు పడి ఖాళీ అయిన జాగాలు ఇన్ని ఉన్నాయి కదా, వాటిని ఇలా పిల్లలకి ఇవ్వొచ్చు కదా అని. అక్కడి నుంచి బ్రిటన్‌లో అడ్వెంచర్ ప్లేగ్రౌండ్లు మొదలయ్యాయి.

మన కథకి అసలు మలుపు దీని తర్వాత ఉంది. 1966లో లేడీ అలెన్ వైకల్యం ఉన్న పిల్లల కోసమే ఒక అడ్వెంచర్ ప్లేగ్రౌండ్ సంఘం పెట్టించారు. 1970లో లండన్‌లో చెల్సీలో ఒక చర్చి రెక్టరీ తోటలో మొదటిది తెరిచారు. అప్పటికి ఆవిడకి డెబ్భై దాటాయి. అది ఎంత తలకిందుల ఆలోచనో చూడండి. ఆ రోజుల్లో ఈ పిల్లల గురించి ఇంట్లోవాళ్ళైనా, డాక్టర్లైనా చెప్పేది ఒకటే మాట: జాగ్రత్త, పడిపోతాడు. ఇప్పుడు మన ఇళ్ళల్లో చెప్పేదీ అదే అనుకోండి. లేడీ అలెన్ వాదన దానికి పూర్తిగా అడ్డం. చెయ్యి విరిగితే అతుక్కుంటుంది, పిల్లాడి మనసులో ధైర్యం చచ్చిపోతే అతుక్కోదు అన్నది ఆవిడ ఎప్పుడూ నమ్మిన విషయం. మామూలు పిల్లలకి వర్తించే ఈ మాట వీళ్ళకి ఎందుకు వర్తించదు అని అడిగారు. అంటే వీళ్ళకి కావాల్సింది దూదిలో చుట్టిన గది కాదు. ఎక్కడానికి గుట్ట కావాలి, తడవడానికి నీళ్ళు కావాలి, బట్టలు పాడుచేసుకోవడానికి బురద కావాలి, పక్కన తెలిసిన పెద్దమనిషి ఒకరు కావాలి.

నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇదే. అయినా ఒప్పుకోవాల్సింది ఒకటుంది. అది వాళ్ళ కోసం విడిగా పెట్టిన చోటు. మా గేటు బయట అబ్బాయి అక్కడికి వెళ్ళి ఉంటే వాడికి గుట్ట దొరికేది, నీళ్ళు దొరికేవి. పక్కింటి పిల్లలు దొరికేవాళ్ళు కాదు.

"అందరికీ ఒకే చోట" అన్నది అమెరికాలో బోర్డు మీదకి ఎక్కింది న్యూయార్క్‌లో. 1976లో క్వీన్స్ ప్రాంతంలో, ఫ్లషింగ్ మెడోస్ పార్కులో కట్టడానికి డిజైన్ పోటీ పెట్టారు. ఆర్కిటెక్ట్ హిషామ్ అష్కౌరి డిజైన్ గెలిచింది. పోటీకి, ప్రారంభానికి మధ్య ఎనిమిదేళ్ళు పట్టింది, 1984లో తెరిచారు. పేరే ప్లేగ్రౌండ్ ఫర్ ఆల్ చిల్డ్రన్. పిల్లలందరి ఆటస్థలం. వైకల్యం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు కలిసి ఆడుకోవాలన్న లెక్కతో ఆ దేశంలో కట్టిన మొదటిది ఇదేనంటారు.

ఆ ఎనిమిదేళ్ళలో బయట రాజకీయం కూడా వేడెక్కింది. జూడీ హ్యూమన్ అనే ఆవిడ ఉన్నారు. చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఐదేళ్ళ వయసులో బడిలో చేర్చడానికి తీసుకెళ్తే, వీల్‌చైర్ వల్ల నిప్పంటుకుంటే ప్రమాదం అని చేర్చుకోలేదు. ఆ పిల్లే పెద్దదై 1977లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ ఆఫీసులో మూడు వారాలకి పైగా ధర్నా నడిపింది. 1990 మార్చిలో అరవై మంది దాకా తమ వీల్‌చైర్లు, కర్రలు కింద వదిలేసి అమెరికా పార్లమెంటు భవనం మెట్లు పాకుతూ ఎక్కారు. వాళ్ళలో ఎనిమిదేళ్ళ పాప కూడా ఉంది. అదే ఏడాది జూలై 26న ఏడీఏ, అంటే అమెరికా వికలాంగుల చట్టం మీద సంతకం పడింది.

చట్టం వచ్చింది. మరి పార్కులో ఏం కట్టాలి? ఇక్కడి నుంచి నా ఇంజనీరు బుర్రకి పండగ. ఆటస్థలాల కొలతల మీద రూల్స్ రావడానికి ఇంకో పదేళ్ళు పట్టింది, 2000లో వచ్చాయి. అవి కొత్తగా కట్టేవాటికి తప్పనిసరి అయింది 2012 మార్చిలో. ఈ ఆలస్యం ఎందుకో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది.

ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు మించకూడదు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. జారుడుబల్ల పైన అరుగు ఐదడుగుల ఎత్తులో ఉందనుకుందాం. ర్యాంపే అరవై అడుగులు. అడుగడుగు ఎత్తుకీ మధ్యలో ఆగడానికి చదునైన జాగా వదలాలి కూడా. మా కాలనీ పార్కులో ఆ ర్యాంప్ పెడితే పార్కు ఉండదు, ర్యాంపే ఉంటుంది. అందుకని రాజీ కుదిర్చారు. ఎత్తులో ఉండే ఆటల్లో కనీసం సగానికి దారి ఉండాలి. ఆ ఆటలు ఇరవై అంతకంటే ఎక్కువ ఉంటే, కనీసం నాలుగో వంతుకి ర్యాంప్ తప్పదు. చిన్న పార్కైతే ర్యాంప్ బదులు ట్రాన్స్‌ఫర్ ప్లాట్‌ఫామ్ చాలు. అంటే నేల నుంచి పదకొండు నుంచి పద్దెనిమిది అంగుళాల ఎత్తులో ఒక బల్ల. పిల్లాడు వీల్‌చైర్లోంచి దాని మీదకి జరిగి, అక్కడి నుంచి చేతులతో మెట్టు మెట్టూ పాకుతూ పైకి వెళ్ళాలి.

కాగితం మీద బాగానే ఉంది. ఇప్పుడు వాణ్ణి ఊహించుకోండి. చేతులు నొప్పెడుతుంటే పైకి చేరాడు. సర్రున జారాడు. కిందికొచ్చి చూస్తే వీల్‌చైర్ ఎక్కడుంది? అటువైపు, ఎక్కిన చోట. ఎవరో ఒకరు పరుగెత్తి తోసుకురావాలి. ఆ ఎవరో ఒకరు రూల్ బుక్‌లో లేరు. ఎండ్రుప్‌లో ఉన్న బెర్టెల్‌సెన్, చెల్సీలో ఉన్న ప్లే లీడర్, అంగుళాల్లోకి వచ్చేసరికి మాయమైపోయారు. కొలవగలిగింది చట్టంలోకి ఎక్కింది, కొలవలేనిది బయట ఉండిపోయింది. నేను రూల్స్‌ని తిట్టట్లేదు, అవి లేకపోతే ఆ బల్ల కూడా ఉండేది కాదు.

నేల సంగతి ఇంకో తలనొప్పి. పిల్లలు పడితే దెబ్బ తగలకూడదు, కాబట్టి మెత్తగా ఉండాలి. చక్రం దిగబడకూడదు, కాబట్టి గట్టిగా ఉండాలి. ఇసుక, కంకర మొదటి పరీక్ష పాసై రెండోదాంట్లో ఫెయిలవుతాయి. సిమెంటు రివర్స్. రబ్బరు పోత రెండూ పాసవుతుంది కానీ ఖరీదు. చెక్కపీచు చవక, కానీ పిల్లల కాళ్ళకి చెదిరి గుంటలు పడుతుంది, ఎవరో రోజూ సర్దాలి. ఇండియానా యూనివర్సిటీవాళ్ళు కొన్నేళ్ళపాటు రకరకాల నేలల్ని గమనించి 2013లో తేల్చిందేంటంటే, ఏ లోపమూ లేని నేల ఏదీ లేదు, మెయింటెనెన్స్ లేకపోతే ఏడాదిలోపే సమస్యలు మొదలవుతాయి అని.

నాకు తట్టనే తట్టని విషయం ఒకటి చెప్తా. ప్లాస్టిక్ జారుడుబల్ల మీద జారితే జుట్టు నిక్కబొడుచుకుంటుంది కదా, స్టాటిక్ కరెంటు. చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లలకి ఆ కరెంటు వల్ల పరికరం ప్రోగ్రాం దెబ్బతినే ప్రమాదం ఉందని, ముఖ్యంగా పాత మోడల్స్‌తో, జాగ్రత్తలు చెప్పేవాళ్ళు. రేకు జారుడుబల్ల అయితే ఆ బాధ లేదు. మరి మే నెలలో మన దగ్గర రేకు బల్ల సంగతి... మీకు చెప్పక్కర్లేదు, దోసె వేసుకోవచ్చు. ఒకరికి సుఖం ఇంకొకరికి వాత.

ఆస్ట్రేలియాలో లిబర్టీ స్వింగ్ అని వచ్చింది. వీల్‌చైర్‌తో సహా ఎక్కి ఊగే ఉయ్యాల. అద్భుతమైన పని. కానీ అంత బరువు ఊగుతుంటే ఎవరైనా పిల్లాడు అడ్డొస్తే ప్రమాదం, కాబట్టి చుట్టూ కంచె వేసి, గేటుకి తాళం పెట్టారు. ఊగాలంటే ముందు ఆ తాళంచెవి సంపాదించాలి. మళ్ళీ గేటే.

ఈ లోటు ముందుగా పట్టుకున్నది ఎక్కువగా అమ్మానాన్నలే. అమెరికాలో వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో ఎమీ బార్జాక్ అనే ఆవిడ, కండరాల జబ్బుతో నెలల పిల్లాడిగానే పోయిన కొడుకు జోనాథన్ పేరున, వెయ్యిమందికి పైగా వాలంటీర్లతో 1996లో ఒక ఆటస్థలం కట్టించారు. ఆ చెక్క కట్టడం పాతబడి తర్వాత మూసేయాల్సి వచ్చింది, మళ్ళీ కొత్తగా కట్టారు. టెక్సస్‌లో గోర్డన్ హార్ట్‌మన్, ఈత కొలనులో తన కూతురు దగ్గరికి వస్తే మిగతా పిల్లలు బయటికి వెళ్ళిపోవడం చూసి, 2010లో శాన్ ఆంటోనియోలో మోర్గన్స్ వండర్‌ల్యాండ్ తెరిచారు. వైకల్యం ఉన్నవాళ్ళకి టికెట్ లేదు. అక్కడి వాటర్ పార్కులో గాలి ఒత్తిడితో నడిచే వీల్‌చైర్లు వాడతారు, నీళ్ళలో బ్యాటరీ గొడవ లేకుండా.

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళలో కొందరు ఇప్పుడు చెప్పబోయేది చూసే ఉంటారు. పాలో ఆల్టోలో మ్యాజికల్ బ్రిడ్జ్, 2015లో తెరిచారు. ఒలెంకా విల్లారియల్ అనే తల్లి ఏళ్ళ తరబడి తిరిగి సాధించింది. ర్యాంప్ ఉంది సరే, గోలకి బెదిరిపోయే పిల్లలు కాసేపు ముడుచుకుని కూర్చోవడానికి చిన్న గూళ్ళ లాంటివి కూడా పెట్టారు. వీల్‌చైర్ ఒక్కటే వైకల్యం కాదని ఎవరో గుర్తుపెట్టుకున్నారు. అంతేకాదు, పిల్లల్ని ఒకరితో ఒకర్ని కలపడానికి వాలంటీర్లని పెట్టారు, స్కూలు పిల్లలే. బెర్టెల్‌సెన్ డెబ్భై ఏళ్ళ తర్వాత వేరే వేషంలో తిరిగొచ్చాడన్నమాట.

మన దేశం సంగతి. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 30వ ఆర్టికల్‌లో ఆట గురించి సూటిగానే ఉంది: మిగతా పిల్లలతో సమానంగా ఆడుకునే అవకాశం ఉండాలని. దాన్ని మనం 2007లో ఆమోదించాం. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో ఇరవై ఒకటి. ఆటిజం కూడా పేరు పెట్టి చేర్చారు. చట్టం కంటే చాలా ముందే బెంగళూరులో కొందరు తల్లిదండ్రులు కిలికిలి అని ఒక సంస్థ పెట్టుకుని, కార్పొరేషన్ వెంటపడి కోల్స్ పార్కులో ఇలాంటి ఆటస్థలం చేయించారు. విడిగా కొత్త పార్కు అడగలేదు వాళ్ళు, అందరూ వచ్చే పార్కులోనే చోటు అడిగారు. నాకు అందులో నచ్చింది అదే. మన దగ్గర విశాఖలో బీచ్ రోడ్డు మీద స్మార్ట్ సిటీ డబ్బులతో ఆల్ ఎబిలిటీస్ పార్కు కట్టారు. ఈసారి వైజాగ్ వెళ్తే పిల్లల్ని తీసుకెళ్ళండి, అందరు పిల్లల్నీ.

ఇక మా గేటు. ఆ మర్నాడు టేపు పట్టుకెళ్ళి కొలిచా. మెలిక దగ్గర పందొమ్మిది అంగుళాలు. ఏడీఏ లెక్కలో గుమ్మానికి కనీసం ముప్పై రెండు అంగుళాలు ఖాళీ ఉండాలి. మా కాలనీ పెద్దాయన ఒకరిని అడిగితే, "అది తీసేస్తే బైకులొస్తాయి బాబూ" అన్నారు. అబద్ధం కాదు, వస్తాయి. పక్కన ఇంకో చిన్న గేటు పెట్టి తాళం వేద్దాం, కావాల్సినప్పుడు వాచ్‌మన్ తీస్తాడు అని ఇంకొకాయన సలహా ఇచ్చారు. లిబర్టీ స్వింగ్ తాళంచెవి గురించి ఆయనకి చెప్పా. నవ్వారు, తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు పైపు ఒకటి తీసి, బైకు తిరగలేనంత, చక్రాల కుర్చీ తిరగగలిగేంత మలుపు ఎలా ఇవ్వాలా అని నేనూ, మా వెల్డర్ బాషా భాయ్ కలిసి చాక్‌పీస్‌తో నేల మీద గీస్తున్నాం. ఇంకా కుదర్లేదు. వీల్‌చైర్ అద్దెకి తెచ్చి నేనే కూర్చుని తిప్పి చూశా, రెండుసార్లు ఇరుక్కున్నా.

మీ దగ్గర పార్కు గేటు ఎన్ని అంగుళాలుందో కొలిచి రాయండి. ఇలాంటి మలుపు ఎవరైనా సరిగ్గా కట్టి ఉంటే ఫొటో పెట్టండి, భాయ్‌కి చూపించాలి.